గుడ్డ అట్టల మీద పూలు

బైండింగు పని నేర్చుకుంటామని వచ్చే ఆడపిల్లలు నా పక్కన కూర్చోగానే అడిగేది ఒకటే. "పెద్దమ్మా, అట్ట మీద ఆ పూలు ఎట్ల దించుతారు?" నాకు ఒళ్ళు మండుతుంది. పూల సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు మైదా ఉడకబెట్టడం వచ్చునా అని అడుగుతాను. సగం మంది మరుసటి రోజు కనిపించరు. పోతే పోనీ. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

కడపలో మిషను కాంపౌండు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. తెల్లవాళ్ళ కాలంలో, ఇంకా పెళ్ళి కాక ముందు నేను అందులో చేరాను. స్వరాజ్యం వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్ళు చేసి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు ఒప్పుకోక మానుకున్నాను. మేం చేసేది గుడ్డ అట్టల పుస్తకాలు. దొరసానులు ఆ రోజు జరిగింది రాసుకోవడానికి, పాటలు ఎత్తి రాసుకోవడానికి, ఎండిన ఆకులు అంటించి దాచుకోవడానికి కొనేవాళ్ళు. తర్వాత తర్వాత మనవాళ్ళు కూడా కొన్నారు. మద్రాసులో మిషను వాళ్ళ అమ్మకాలకు పెట్టెలు పెట్టెలుగా పోయేవి. ఎవరికి ఎంత జీతం, ఎవరిని ఎప్పుడు పైకి తీసుకున్నారు అనే పురాణం చెప్పను. చెప్పినా మీకేం ఉపయోగం లేదు.

మైదా, గుడ్డ, ఎండ

అట్టకు గుడ్డ అంటించే మైదాలో మైలుతుత్తం వేసి ఉడకబెట్టాలి, లేకపోతే పురుగు పుస్తకాన్ని తినేస్తుంది. తుత్తం ఎక్కువైతే గుడ్డ పచ్చబారుతుంది. ఎంత వెయ్యాలో నన్నడిగితే నేనూ చెప్పలేను. గరిటె ఎత్తినప్పుడు జారే తీరు చూసి తెలుసుకోవాలి. పొద్దున్నే ఉడికించిన మైదా సాయంత్రానికి పనికిరాదు, మన ఎండలు అట్లాంటివి.

గుడ్డ ప్రొద్దుటూరు మగ్గాల ముతక గుడ్డ. దాన్ని ఉతికి, గంజి వదిలించి, తడి ఆరీ ఆరకముందే అట్ట మీద పరిచి, అరచేత్తో మధ్యలోంచి అంచులకు నెట్టాలి. తర్వాత రెండు నాపరాళ్ళ మధ్య పెట్టి ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. షెడ్డు నడిపే మా దొరసానికి అది అసలు చేతనయ్యేది కాదు.

ఆ దొరసాని మంచి మనిషి. ఎవరికైనా జ్వరం వస్తే తనే కషాయం కాచి తెచ్చేది. కానీ తొందర మనిషి. ఒక ఏడు వేసవిలో పెట్టె బయలుదేరే రోజు దగ్గర పడిందని, పుస్తకాలన్నీ మిద్దె మీద ఎండలో పరచమంది. వద్దమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. "సూర్యుడు ఉచితముగా పని చేయుచున్నాడు గదా దీనమ్మా!" అంది. ఆమె మాట్లాడేది బైబిల్లో తెలుగు. మధ్యాహ్నానికి అట్టలన్నీ వేడి నూనెలో పడిన అప్పడాల మాదిరి పైకి లేచాయి. ఆమె మిద్దె మీద నిలబడి వాటిని చూసి, ఒక్కొక్కటే తానే ఏరి కిందికి తెచ్చింది. మరుసటి రోజు పొద్దున అందరి ముందరా "నేను తప్పు చేసితిని" అంది. మళ్ళీ ఎప్పుడూ ఎండ జోలికి పోలేదు. అందుకే ఆమె అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఉస్తాదు

పూలు దించే పని మాకు నేర్పింది మస్తాన్ సాయిబు. అందరం ఉస్తాదు అనేవాళ్ళం. కర్నూలు మనిషి. పీర్ల పండక్కి తాబూతులు కడతారే, వెదురు బద్దల మీద రంగు కాగితాలు కత్తిరించి అంటించి మేడల మాదిరి నిలబెడతారు, ఆ కాగితాలు కోయడంలో ఆయన తాతముత్తాతలు పేరు మోసినవాళ్ళు. కూతురి అత్తవారి ఊరని కడప వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. దొరసాని ఎక్కడో తాబూతు చూసి, ఆ కోత కోసిన చెయ్యి ఎవరిదని ఊరంతా వెతికి పట్టుకొచ్చింది.

ఆయన పని చూస్తుంటే నాకు తిండి కూడా గుర్తుండేది కాదు. దళసరి కాగితాన్ని కాచిన కుసుమ నూనెలో నానబెట్టి, దండెం మీద ఆరవేసేవాడు. అది ఆరితే తోలు మాదిరి గట్టిపడి, నీళ్ళకు లొంగదు. దాన్ని నాపరాయి మీద పెట్టి చిన్న కత్తితో కోసేవాడు. ముందు గీత గీసుకునేది లేదు. కత్తి ఒకచోటే ఉండేది, కాగితాన్ని తిప్పేవాడు. దానిమ్మ పువ్వు, మామిడి పిందె, చిలక, ద్రాక్ష తీగ. కోసిన కాగితాన్ని ఆయన జాలీ అనేవాడు, మేమూ అదే అన్నాం. పువ్వు మొత్తం కోసేస్తే మధ్యలో రేకులు ఊడి కింద పడతాయి గదా. అందుకని రేకుకూ రేకుకూ మధ్య సన్నటి పోగు వదలాలి. ఆ పోగులు ఎక్కడ వదిలితే కంటికి తెలియదో ఆయనకు తెలుసు. నేను ముప్పై ఏండ్లు కోశాను, ఆయన దగ్గరికి పోలేకపోయాను. ఇది వినయంతో చెప్పే మాట కాదు, నిజం.

జాలీని అట్ట మీద పెట్టి, నీలిమందో, ఎర్రటి కావిరాయో, దీపం మసో నూరి కలిపిన రంగును కుంచెతో అద్దాలి. ముతక గుడ్డ రంగు తాగేస్తుంది కాబట్టి ముందుగా తుమ్మజిగురు పలచగా పూసి పూర్తిగా ఆరనివ్వాలి. కుంచె దాదాపు పొడిగా ఉండాలి. నిటారుగా పట్టుకోవాలి. రాయకూడదు, తట్టాలి. దొరసాని మద్రాసు నుంచి కుంచెలు తెప్పిస్తే, ఇవి ఏ జంతువు వెంట్రుకలమ్మా అని ఉస్తాదు అడిగి, పందివని విని, మర్యాదగా పక్కన పెట్టాడు. మేక వెంట్రుకలతో తానే కట్టుకున్నాడు. వాటితో మేమందరం పనిచేశాం.

ఆయన తిట్టేవాడు కాదు. పని బాగా లేకపోతే అట్టను పువ్వు కిందికి పోయేట్టు తలకిందులుగా తిప్పి మన ముందర పెట్టి వెళ్ళిపోయేవాడు. దానికంటే నాలుగు తిట్లు తినడమే మేలనిపించేది.

మార్తమ్మ

మార్తమ్మది కమలాపురం దగ్గర పల్లె. నాపరాళ్ళు తీసే గుంతలో మొగుడూ పెళ్ళామూ పనిచేసేవాళ్ళు. మొగుడు రాతి దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. తర్వాత ఆమెకూ అదే దగ్గు పట్టుకుంది. మిషను ఆసుపత్రి డాక్టరు చెవికి గొట్టం పెట్టుకొని విని, మళ్ళీ ఆ గుంతలో దిగితే నువ్వు బతకవు అని మొహం మీదే చెప్పాడట. ఆ మాట పట్టుకొని దొరసాని ఆమెను మా షెడ్డుకు తెచ్చింది.

ఎక్కడ కూర్చోబెట్టాలి? మైదా పొయ్యి దగ్గర పెడితే పొగకు ఊపిరాడదు. కుట్టు దగ్గర పెడితే ఆ సుత్తి పట్టిన వేళ్ళకు సూది దొరకదు. మిగిలింది పూల బల్ల. అక్కడ ఒక్కరికే చోటుంది. "ఉస్తాదు గారు చాలును అనిన యెడల ఈమె ఉండును" అని దొరసాని తేల్చింది. ఆమె బతుకు ఉస్తాదు నోటి మాట మీద నిలబడిందని షెడ్డులో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే ఆమె చెయ్యి ఇంకా బిగుసుకుపోయేది.

ఉస్తాదు ఓపికగానే నేర్పాడు. ఆ విషయంలో ఆయనను ఒక్క మాట అనడానికి లేదు. "కుంచెను గొంతు పిసికినట్ల పట్టుకోవద్దమ్మా. రొంత వదులు. ఊపిరి తీసుకో" అనేవాడు. ఆమె ఊపిరి తీసుకునేది, కుంచెను మాత్రం సుత్తి పట్టినట్టే పట్టుకునేది. అద్దితే రంగు జాలీ కిందికి పాకేది. ఎత్తి చూస్తే దానిమ్మ పువ్వు కాదు, సిరా ఒలికినట్టు ఉండేది. ఉస్తాదు అట్టను తలకిందులు చేసి పెట్టేవాడు. మళ్ళీ ఇంకొకటి, మళ్ళీ తలకిందులు.

ఒక సాయంత్రం మార్తమ్మ చేతులు కడుక్కుంటూ నాతో అంది, "దీనమ్మక్కా, ఈడికొచ్చినాక రాత్రిపూట నిద్ర పడతాండాది. దగ్గు తెరలు తగ్గినాయి. నా చెయ్యే నన్ను మళ్ళా గుంతలోకి తోసేట్టు ఉండాది."

రేపటికి చెయ్యి తిరుగుతుందిలే అన్నాను. నాకే నమ్మకం లేదు.

శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాదు నమాజుకు మసీదుకు పోయేవాడు. పోయే ముందు మార్తమ్మ ముందర కొన్ని అట్టలు, ద్రాక్ష తీగ జాలీ పెట్టి, "నేనొచ్చేలోపల ఇవి చెయ్యమ్మా. రేపు దొరసానికి నేను మాట చెప్పల్ల" అన్నాడు. ఇది చివరి పరీక్ష అని అందరికీ అర్థమైంది.

నేను ఎదురుగా కూర్చొని కుడుతున్నాను. మార్తమ్మ మొదటి అట్టకు జిగురు పూసింది, ఆరేదాకా ఆగింది, కుంచెతో అద్దింది. పాడైంది. ఇంకొకటి తీసుకుంది. జిగురు పూసింది, ఈసారి ఆరేదాకా ఆగలేదు. తడి మీదే జాలీ పరిచింది. కుంచెను చూసింది. దాన్ని బల్ల కిందికి విసిరేసింది. రంగు నూరే రాయి మీద ఇంకా నీళ్ళు కలపని కావి పొడి ఉంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని జాలీ మీద పోయడం మొదలుపెట్టింది.

అది ముగ్గు చెయ్యి. ఆమె పుట్టింటివాళ్ళు హిందువులు. తెల్లవారక ముందే లేచి ముగ్గేసిన పిల్లే. పెళ్ళయి క్రైస్తవ సంఘంలో చేరాక ముగ్గులు మానమన్నారు, మానేసింది. ఎన్నేళ్ళయిందో ఏమో గాని, ఆ వేళ్ళకు మాత్రం ఏమీ మరపు రాలేదు. పొడి సన్నటి ధారగా, ఎక్కడా తెగకుండా పడుతోంది. భుజం వదులైంది, మెడ వదులైంది. ఆ షెడ్డులోకి వచ్చాక ఆమె అంత నెమ్మదిగా ఊపిరి తీయడం నేను అదే చూడడం. ఇది పద్ధతి కాదని నాకు తెలుసు. అయినా ఆపబుద్ధి కాలేదు. జిగురు ఆరినాక జాలీని ఎత్తి, మిగతావన్నీ అట్లాగే చేసింది.

ఉస్తాదు వచ్చాడు. అట్టల మీద కుప్పలు కుప్పలుగా ఎర్రపొడి, బల్లంతా ఎర్రపొడి, కుంచె నేల మీద. ఆయన మొహం మారిపోయింది. కుంచెను ఎత్తి తుడిచాడు.

"మార్తమ్మా, ఇది పుస్తకం. వాకిలి గాదు" అన్నాడు.

ఆయన అట్టలు తలకిందులు కూడా చెయ్యలేదు. నేరుగా దొరసాని గదికి పోయి, ఈ చెయ్యి ఈ పనికి రాదు అని చెప్పేశాడు. దొరసాని కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని, ఇచ్చిన మాట ఇచ్చిన మాటే అంది. మార్తమ్మ తన మూట కట్టుకుంది. గేటు దాకా నేను పోయాను. "నువ్వు బాధపడొద్దు అక్కా, సాయిబు తప్పేం లేదు" అని నాకే ధైర్యం చెప్పి, దగ్గుకుంటూ స్టేషన్ దిక్కు పోయింది.

పారేసిన అట్టలు

మా షెడ్డులో ఏదీ పారేసేది లేదు. పాడైన అట్టలను నీళ్ళలో నానబెట్టి గుడ్డ ఊడదీసి, అట్టను మళ్ళీ వాడుకుంటాం. సోమవారం ఆ పని నాకు పడింది. మార్తమ్మ అట్టలను తొట్టిలో వేసే ముందు, పొడి నీళ్ళను పాడుచేస్తుందని ఒకదాన్ని గోడకు తట్టి దులిపాను.

పొడి రాలింది. కింద ద్రాక్ష తీగ ఉంది.

ఉంది అంటే ఎట్లా ఉందనుకున్నారు! ఆకు అంచులు కత్తితో కోసినంత పదునుగా ఉన్నాయి. ఒక్కచోట రంగు పాకలేదు. తడి జిగురు పొడిని పట్టుకొని ఎక్కడికక్కడ ఆరిపోయింది. రంగులో నీళ్ళే లేనప్పుడు ఇంక పాకేదేముంది? కావిరాయి పొడిలో ఏముందో ఏమో, వెలుతురులో పట్టుకుంటే సన్నగా మెరుస్తోంది కూడా. వేలితో రుద్దాను, రాలేదు. రెండోది దులిపాను, మూడోది దులిపాను. అన్నీ అంతే.

వాటిని తీసుకుపోయి ఉస్తాదు ముందర పెట్టాను. ఆయన ఒకటి ఎత్తుకొని వాకిట్లోకి పోయాడు, ఎండలో అటూ ఇటూ తిప్పాడు, గోటితో గీకాడు. లోపలికి వచ్చి తడిగుడ్డతో ఒక మూల రుద్దాడు. అక్కడ మాత్రం రంగు కొంచెం లేచింది. ఆయన ఊరుకోలేదు. జాలీలు నానబెట్టే కుసుమ నూనెను గుడ్డకు అంటించి, ఉందా లేదా అన్నంత పలచగా తీగ మీద పూసి, నీడలో పెట్టాడు. మరుసటి రోజు మళ్ళీ తడిగుడ్డతో రుద్దాడు. గట్టిగా రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

ఆ రెండు రోజులూ ఆయన ఇంకే పనీ చెయ్యలేదు. ఒక జాలీ ముందేసుకొని, కావి పొడిని వేళ్ళ మధ్య పట్టుకొని పోస్తూ కూర్చున్నాడు. ఒకచోట కుప్ప పడేది, ఒకచోట అసలు పడేది కాదు. నలభై ఏండ్లు కత్తి పట్టిన చెయ్యి అది. మేమందరం చూడనట్టు నటించాం.

పిల్లలూ, నేను శానా మంది పెద్దల కింద పనిచేశాను. పని తెలిసినవాళ్ళు దొరుకుతారు. తమ పద్ధతి కంటే ఇంకొకరి పద్ధతి మేలని ఒప్పుకునేవాళ్ళు ఎక్కడో గాని దొరకరు. ఎందుకంటే పద్ధతే వాళ్ళ గొప్ప. అది పోతే తామే పోయినట్టు అనుకుంటారు. ఉస్తాదు అట్లా అనుకోలేదు. దొరసాని దగ్గరికి పోయి, "అమ్మా, నేను చెప్పింది తప్పు. ఆయమ్మను పిలుచుకోని రావల్ల" అన్నాడు.

"జాబు వ్రాసిన చాలదా?" అంది దొరసాని.

"నోటితో పంపిస్తి. నోటితోనే పిలవల్ల" అన్నాడు. నా దిక్కు తిరిగి, "దీనమ్మా, కమలాపురం రైలు ఎప్పుడు?" అన్నాడు.

గుంతలో

ఆయన ఒక్కడే పోతే ఆ పల్లెలో ఎవరూ నోరు విప్పరని నన్ను వెంట తీసుకుపోయాడు. రైలు దిగి, మెట్ట చేల గట్లు పట్టుకొని నడిచాం. ఎండ నెత్తిన కొడుతోంది. ఉస్తాదు చేతిసంచిలో మార్తమ్మ చేసిన అట్ట ఒకటి, ద్రాక్ష తీగ జాలీ ఒకటి. ఇంటి దగ్గర అడిగితే, అప్పుడే పనికి పోయింది అన్నారు. వచ్చిన మరుసటి రోజు నుంచే పోతోందట. తినాలి గదా!

గుంత అంచున నిలబడితే కింద తెల్లటి దుమ్ము తప్ప మనుషులు సరిగ్గా అగుపడలేదు. సుత్తుల చప్పుడు మధ్య ఒక దగ్గు వినిపించింది. నాకు తెలిసిన దగ్గే. ఉస్తాదు తెల్ల పైజామా పైకి పట్టుకొని, రాళ్ళ మీద నుంచి జారుతూ లోపలికి దిగాడు. వెనకే నేను. మార్తమ్మ ముక్కుకు కొంగు కట్టుకొని, పలకలు ఎత్తి పక్కకు పేరుస్తోంది. మమ్మల్ని చూసి కొంగు తీసింది. నాలుగైదు రోజులకే మనిషి మొహం పీక్కుపోయింది.

ఉస్తాదు చుట్టూ ఉన్న కూలీలను చూశాడు. వాళ్ళకు వినపడేట్టే మాట్లాడాడు.

"మార్తమ్మా, నీ చెయ్యి పనికి రాదని చెప్పినా. తప్పు చెప్పినా. నీ చెయ్యి నాకంటే మంచి చెయ్యి."

ఆమె నమ్మలేదు. "ఇంత దూరం వచ్చింది నన్ను ఎగతాళి చేసేకా సాయిబూ?" అంది.

ఆయన సంచిలోంచి అట్ట తీసి ఇచ్చాడు. ఆమె ఆ తీగను చూసింది, నన్ను చూసింది. నేను తల ఊపాను. "ఇది నాదేనా?" అంది.

"నీదే. నూనె మాత్రమే నేను పూసినా" అన్నాడు ఉస్తాదు. ఒక పలక ముందర చతికిలబడి జాలీ పరిచాడు. కింద ఉన్న రాతి దుమ్మునే వేళ్ళ మధ్య ఎత్తుకున్నాడు. "రెండు దినాలుగా చేస్తాండా. నాకు రావడం ల్యా. చూడు, ఈడ కుప్ప పడతాండాది. యాడ తప్పు పోతాండా నేను?"

మార్తమ్మ అట్టను దుమ్ము తగలకుండా నా చేతికిచ్చింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన వేళ్ళను ముట్టుకోలేదు, తన వేళ్ళు వాటి పక్కన పెట్టింది. "బొటనవేలు కదలకూడదు సాయిబూ. ఈ వేలే నడవల్ల. అయ్యో, అట్ల గాదు! ఉప్పు చల్లుతాండావా ఏమి?" అని నవ్వింది. ఉస్తాదు కూడా నవ్వాడు, మళ్ళీ పోశాడు, మళ్ళీ కుప్ప పడింది. సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. కర్నూలు ఉస్తాదు గుంతలో కూర్చొని రాళ్ళు మోసే మనిషి దగ్గర పని నేర్చుకుంటుంటే కూలీలందరూ చుట్టూ చేరారు.

గుంత మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మే, ఆటలాడేకి వచ్చినావా? ఈ పలకలు ఎవరు మోసేది?" అని అరిచాడు.

మార్తమ్మ లేచింది. చేతులకున్న దుమ్మును చీరకు తుడుచుకుంది.

"ఇంగొగరిని చూసుకోప్పా. నాకు పని ఉండాది" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏండ్లు మా షెడ్డు పుస్తకాలకు పేరు తెచ్చినవి ఆమె పోసిన పూలే. ఆ మధ్యాహ్నం మాత్రం ముగ్గురం స్టేషన్‌కు నడిచి రావడానికి శానాసేపు పట్టింది. దారిలో ఆమెకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఉస్తాదు ఆగి, అది తగ్గేదాకా ఎండలోనే నిలబడ్డాడు.